టి-కణం వైరస్‌ను చూడదు

ఫ్లూ వైరస్ ఒకటి ముక్కు దాటి, గొంతు దాటి, ఊపిరితిత్తుల గొట్టాల లోపలి పొరలో ఒక కణాన్ని చేరిందనుకుందాం. అది కణాన్ని పట్టుకునేలోపు అడ్డుకునే పని యాంటీబాడీలది. అవి వైరస్ పైతొడుగుకు అతుక్కుపోయి, దాని కొక్కేలను కప్పేస్తాయి. ఒకసారి లోపలికి దూరిందంటే మాత్రం యాంటీబాడీల చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. అవి రక్తంలోనూ చీమిడిలోనూ తిరిగేవే తప్ప కణంలోకి వెళ్లవు. లోపలేమో మన రైబోజోములే వైరస్ ఆదేశాలు అందుకుని వైరస్ ప్రోటీన్లు చేసిపెడుతుంటాయి. ఏడెనిమిది గంటలు గడిస్తే కొత్త వైరస్‌లు గుంపులుగా బయటికొచ్చి పక్క కణాల మీద పడతాయి.

ఆ ఏడెనిమిది గంటల్లోనే ఈ కణం పట్టుబడితే మేలు. పట్టుకునేది టి-కణం అనే తెల్ల రక్తకణం. విచిత్రమేమిటంటే టి-కణం కూడా కణం లోపలికి తొంగి చూడలేదు. అసలు అది వైరస్‌ను ఏ దశలోనూ చూడదు. అది చూసేది ఎనిమిదో తొమ్మిదో అమైనో ఆమ్లాలున్న చిన్న ముక్కను. అదీ మన సొంత అణువు ఒకటి ఆ ముక్కను పట్టుకుని కణం ఉపరితలం మీద చూపిస్తేనే. ఆ ముక్కనే పెప్టైడ్ అంటారు. ఒకే వైరస్ సోకిన ఇద్దరిలో ఒకరు తేలిగ్గా ఎందుకు బయటపడతారు, కోవిడ్ వైరస్ ఒమిక్రాన్ రకం ముందు యాంటీబాడీలు తేలిపోయినా చాలామంది ఆసుపత్రి దాకా ఎందుకు వెళ్లలేదు అన్న ప్రశ్నలకు జవాబు చాలావరకు ఈ ఏర్పాటులోనే ఉంది.

ఈ సంగతి బయటపడ్డ తీరు తమాషాగా ఉంటుంది. 1930లలో ఇంగ్లండ్‌లో పీటర్ గోరర్, ఆ తర్వాత అమెరికాలో జార్జ్ స్నెల్ ఒక ఎలుక కణితినో చర్మాన్నో ఇంకో ఎలుకకు మార్చి చూశారు. అతికించింది నిలుస్తుందా ఊడిపోతుందా అన్నది కొన్ని జన్యువుల మీద ఆధారపడి ఉందని తేల్చారు. మనుషుల్లో వాటికి సాటి అణువుల్లో మొదటిదాన్ని పారిస్‌లో జాఁ డొసే 1958లో గుర్తించాడు. అవే హెచ్‌ఎల్‌ఏ అణువులు. కిడ్నీ మార్పిడికో, తలసేమియా పిల్లలకు మూలుగ మార్పిడికో ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కుటుంబాలకు ఈ పేరు బాగా పరిచయం. అన్నదమ్ములదీ అక్కచెల్లెళ్లదీ రక్తం తీసి ‘కలిసిందా లేదా’ అని చూసేది వీటినే. స్నెల్‌కూ డొసేకూ 1980లో నోబెల్ వచ్చింది. అయితే ఒక చిక్కు ఎప్పటినుంచో ఉండిపోయింది. లోకంలో ఎలుక చర్మం తెచ్చి ఇంకో ఎలుకకు అతికించేవాళ్లు శాస్త్రవేత్తలు తప్ప ఎవరూ లేరు. మరి ఎలుకలకైనా మనుషులకైనా ఈ అణువులు దేనికి?

జవాబు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో దొరికింది. పశువైద్యం చదివిన పీటర్ డోహర్టీ, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ రోల్ఫ్ జింకర్‌నాగెల్ 1973లో అక్కడి జాన్ కర్టిన్ సంస్థలో ఒకే ల్యాబ్‌లో పనిచేసేవారు. ఎలుకల మెదడు పొరలకు వాపు తెచ్చే ఒక వైరస్ మీద వాళ్ల పరిశోధన. ఆ వైరస్ తనంతట తాను కణాలను పెద్దగా చంపదు. దాన్ని వదిలించబోయిన టి-కణాల దాడికే ఎలుక చచ్చిపోతుంది. ఆ దాడిని వాళ్లు ఎలుక బయట కొలిచి చూశారు. ప్లాస్టిక్ పళ్లెం గుంటల్లో కణాలు పెంచి, వైరస్ సోకించి, వాటిలోకి రేడియోధార్మిక క్రోమియం ఎక్కించారు. వైరస్ సోకిన ఎలుక నుంచి తీసిన టి-కణాలను వాటిమీద పోశారు. కణాలు పగిలితే క్రోమియం ద్రవంలోకి కారుతుంది. ఆ ద్రవాన్ని తీసి రేడియోధార్మికత లెక్కిస్తే ఎన్ని కణాలు చచ్చాయో తెలుస్తుంది. అదే వంశపు ఎలుక కణాలైతే లెక్క జోరుగా పెరిగింది. వేరే వంశపు కణాలు పెట్టినప్పుడు అదే వైరస్, అవే టి-కణాలు, అయినా కణాలు చెక్కుచెదరలేదు. తేడా అల్లా గోరర్, స్నెల్ చెప్పిన ఆ జన్యువుల్లోనే. అంటే టి-కణానికి వైరస్ జాడ ఒక్కటే చాలదు. తను పుట్టిన ఒంటి అణువు మీద ఆ జాడ కనిపించాలి. ఈ ఫలితాన్ని 1974లో అచ్చు వేశారు. నోబెల్ మాత్రం 1996లో వచ్చింది.

అయినా ఆ ‘జాడ’ ఏమిటో అప్పటికి తెలియదు. వైరస్ పైతొడుగు ప్రోటీన్లు కణం మీద పొడుచుకొస్తాయి కాబట్టి టి-కణాలు వాటినే చూస్తున్నాయని అందరూ అనుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో అలన్ టౌన్‌సెండ్ చూసింది దానికి పొసగలేదు. ఫ్లూకి స్పందించే టి-కణాల్లో చాలా భాగం న్యూక్లియోప్రోటీన్‌ను గుర్తుపడుతున్నాయి. అది వైరస్ కడుపులో జన్యు పదార్థానికి చుట్టుకుని ఉండే ప్రోటీన్. బయటికి వచ్చే దారే దానికి లేదు. 1986లో ఆయన బృందం ల్యాబ్‌లో కృత్రిమంగా చేసిన చిన్న పెప్టైడ్లను, అసలు వైరస్సే సోకని కణాల మీద పోసింది. టి-కణాలు ఆ కణాలను కూడా చంపేశాయి. మొత్తం ప్రోటీన్‌తో పనిలేదు, అందులోంచి తెగిన ముక్క చాలన్నమాట.

మరుసటి ఏడాది హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, జాక్ స్ట్రోమింగర్ హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అనే రకం అణువు ఆకారాన్ని ఎక్స్‌రేలతో బయటపెట్టారు. అణువు తలభాగంలో ఒక గాడి ఉంది. అడుగున చదునైన పలక, రెండు పక్కలా మెలితిరిగిన గట్లు. గాడి ఖాళీగా లేదు. అందులో ఈ అణువుకు చెందని పదార్థమేదో ఇరుక్కున్నట్టు చిత్రంలో తేలింది, కానీ దానికి స్పష్టమైన రూపం లేదు. రకరకాల పెప్టైడ్లు కలగలిసి ఉండటమే దానికి కారణం. నా లెక్కన జీవశాస్త్రంలో ఇంత తేటగా జవాబు చెప్పిన బొమ్మలు తక్కువ. అప్పటిదాకా తలబద్దలు కొట్టుకున్నవాళ్లు ఆ గాడిని చూడగానే ఇది ముక్కల్ని పట్టుకునే చోటని గ్రహించి ఉంటారు.

ఇప్పుడు మన ఫ్లూ సోకిన కణంలోకి వెళ్లి ఒక్క ముక్క వెంట నడుద్దాం. ఎం1 అనే ఫ్లూ ప్రోటీన్ వైరస్ తొడుగుకు లోపలివైపు అస్తరులా ఉంటుంది. 252 అమైనో ఆమ్లాల గొలుసది. అందులో 58 నుంచి 66 వరకు ఉన్న తొమ్మిది ఇవి: గ్లైసీన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్, గ్లైసీన్, ఫీనైల్ అలనిన్, వాలీన్, ఫీనైల్ అలనిన్, త్రియోనిన్, ల్యూసిన్. హెచ్‌ఎల్‌ఏ-ఏ2 ఉన్నవాళ్లలో ఫ్లూ మీద పనిచేసే టి-కణాలు ఎక్కువగా గుర్తుపట్టేది ఈ తొమ్మిదింటినే.

రైబోజోము నుంచి ఊడిపడే ప్రోటీన్లన్నీ సరిగ్గా తయారవవు. కొన్ని మధ్యలో తెగిపోతాయి, కొన్ని సరిగ్గా మడతపడవు. మన ప్రోటీన్లయినా వైరస్‌వయినా ఇంతే. పనికిరాని వాటికి కణం యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను ముద్రలా తగిలిస్తుంది. ఈ ముద్ర గుట్టు విప్పిన సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ముద్రపడ్డ ప్రోటీన్ ప్రోటియాసోమ్‌లోకి వెళుతుంది. అది పీపా ఆకారంలో ఉండే అణుయంత్రం; ఏడేసి భాగాలున్న నాలుగు వలయాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటుంది. కోసే కత్తులన్నీ లోపలి గోడలకే ఉంటాయి, లేకపోతే కనిపించిన ప్రోటీన్‌నల్లా నరికేసేవి. గొలుసు పీపాలోకి జారి ముక్కలై బయటపడుతుంది.

చెడిపోయిన ప్రోటీన్ల సంగతి ఊరికే చెప్పలేదు. మామూలు ప్రోటీన్లు గంటలు, రోజుల తరబడి నిలుస్తాయి. అవి పాతబడి తెగేదాకా ఆగాలంటే వైరస్ పని ముగించుకుని పోతుంది. పుడుతూనే పాడైన ప్రోటీన్లు అప్పటికప్పుడే ముక్కలవుతాయి కాబట్టే, వైరస్ ప్రోటీన్ తయారీ మొదలైన కాసేపటికే దాని పెప్టైడ్లు ఉపరితలం చేరుతున్నాయని అమెరికన్ శాస్త్రవేత్త జొనాథన్ యూడెల్ 1990లలో ప్రతిపాదించాడు. ప్రోటీన్ తయారీలో జరిగే వృథాయే ఇక్కడ ముందస్తు హెచ్చరికగా పనికొస్తోంది.

ముక్కలైన పెప్టైడ్లలో ఎక్కువ భాగం క్షణాల్లోనే ఒక్కో అమైనో ఆమ్లంగా విడిపోతాయి. మిగిలిన కొన్ని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల అరల దగ్గరికి చేరతాయి. ఆ గోడలో ‘ట్యాప్’ అనే ద్వారం ఉంది. అది ఏటీపీ శక్తిని ఖర్చుపెట్టి, సుమారు ఎనిమిది నుంచి పదహారు అమైనో ఆమ్లాల పొడవున్న పెప్టైడ్లను లోపలికి తోస్తుంది. లోపల కొత్తగా పుట్టిన హెచ్‌ఎల్‌ఏ అణువులు ఖాళీ గాళ్లతో ఎదురుచూస్తుంటాయి. టపాసిన్ అనే ప్రోటీన్ వాటిని ద్వారం పక్కనే నిలబెట్టి ఉంచుతుంది. పొడవెక్కువైన ముక్కల కొసను మరో ఎంజైము కత్తిరిస్తుంది. ఎం1 ముక్కలో రెండో స్థానంలోని ఐసోల్యూసిన్, తొమ్మిదో స్థానంలోని ల్యూసిన్ ఏ2 గాడిలోని రెండు గుంటల్లో దిగబడతాయి. అలా రెండు చోట్లా కుదిరే పెప్టైడ్లు వందలో ఒకటో రెండో ఉంటాయి. కుదరని వాటిని టపాసిన్ నిలవనివ్వదు. గాడి గట్టిగా నిండాకే ఆ అణువు కణం ఉపరితలానికి ప్రయాణం కడుతుంది. ఖాళీ గాడితో పైకి వెళ్లినా ఎంతోసేపు నిలవదు, విడిపోతుంది. అలా విడిపోవడమే మంచిది. ఖాళీ గాళ్లు పైన నిలిచి ఉంటే, పక్క కణం చచ్చినప్పుడు కారిన వైరస్ ముక్కలు వాటిలో చిక్కుకుని, ఏ పాపమూ ఎరగని కణం బలైపోయేది.

ఇదంతా వైరస్ వచ్చాక మొదలయ్యే పని కాదన్నది ముఖ్యం. కేంద్రకం లేని ఎర్ర రక్తకణాల్ని మినహాయిస్తే ఒంట్లో దాదాపు ప్రతి కణమూ పుట్టినప్పటినుంచీ ఇదే చేస్తుంటుంది. వేలు, లక్షల హెచ్‌ఎల్‌ఏ అణువుల మీద తన లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కలు పెట్టి చూపిస్తూనే ఉంటుంది. మార్కెట్ యార్డులో వ్యాపారి బస్తా మూతి విప్పడు. బోలు ఇనుప ఊచను గోనెలోకి గుచ్చి పిడికెడు గింజలు అరచేతిలోకి రాల్చుకుంటాడు, బస్తాలో ఏముందో ఆ గింజలే చెబుతాయి. టి-కణం చేసేదీ అంతే. మామూలు రోజుల్లో కనిపించేవన్నీ మన సొంత ముక్కలే. వాటిమీద గట్టిగా విరుచుకుపడే టి-కణాలు చాలావరకు గుండె మీదుండే థైమస్ గ్రంథిలో శిక్షణ దశలోనే చచ్చిపోయి ఉంటాయి. అందుకే మిగిలినవి ఆగకుండా పోతాయి. ఎం1 ముక్క లాంటిది తగిలితే ఆగుతాయి. లక్ష అణువుల మధ్య అలాంటివి పది కూడా ఉండక్కర్లేదు. టి-కణం ఆ కణానికి గట్టిగా హత్తుకుని, పెర్ఫోరిన్‌తో పొరను తూట్లు పొడిచి, గ్రాంజైములనే ఎంజైములను లోపలికి పంపుతుంది. కణం తనను తాను కూల్చుకుంటుంది. టి-కణం విడివడి ఇంకోదాని దగ్గరికి పోతుంది.

ఒక్కో పెప్టైడ్‌ను గుర్తుపట్టే టి-కణాలు మొదట్లో లక్షకో పది లక్షలకో ఒకటి ఉంటాయి. అవి ఒళ్లంతా వెతుక్కుంటూ తిరిగితే పని జరగదు. డెండ్రైటిక్ కణాలు వైరస్ సోకిన చోటినుంచి సరుకు మింగి దగ్గరలోని శోషరస గ్రంథికి చేరతాయి. చేతికి దెబ్బ తగిలితే చంకలో బిళ్ల కట్టేది ఆ గ్రంథుల్లోనే. అక్కడ వరసగా వచ్చిపోయే టి-కణాలకు ముక్కల్ని చూపిస్తాయి, సరైనది తగిలితే అది వేలకు వేలుగా పెరుగుతుంది. డెండ్రైటిక్ కణాలను 1973లో వెలుగులోకి తెచ్చిన రాల్ఫ్ స్టైన్‌మన్, తనకు 2011 నోబెల్ ప్రకటించడానికి మూడు రోజుల ముందే కన్నుమూశాడు. ఈ కణాలకు రెండో దారి కూడా ఉంది. మింగినదాన్ని ఆమ్ల సంచుల్లో జీర్ణం చేసి, క్లాస్ టూ అనే వేరే రకం హెచ్‌ఎల్‌ఏ మీద కాస్త పొడవాటి ముక్కలు పెట్టి సహాయక టి-కణాలకు చూపిస్తాయి. యాంటీబాడీలు చేసే కణాలకు ఊతమిచ్చేది ఈ సహాయక కణాలే.

ప్రోటియాసోమ్ నుంచి కణం ఉపరితలం దాకా సాగే మొదటి దారి ఎంత ముఖ్యమో తెలియాలంటే వైరస్‌లు దాన్ని ఎన్నిచోట్ల తెంచుతాయో చూడాలి. జ్వరమొచ్చి తగ్గాక పెదవి అంచున పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ ఐసీపీ47 అనే బుల్లి ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. అది ట్యాప్ ద్వారంలో మేకులా దిగబడి పెప్టైడ్లను లోపలికి పోనివ్వదు. సైటోమెగాలోవైరస్ ఇంకా ఘనురాలు. యూఎస్6 అనే ప్రోటీన్‌తో అదే ద్వారాన్ని లోపలివైపు నుంచి బిగిస్తుంది. యూఎస్3తో హెచ్‌ఎల్‌ఏ అణువులను పైకి పోకుండా ఆపుతుంది. యూఎస్2, యూఎస్11లతో వాటిని రెటిక్యులం నుంచి వెనక్కి లాగి ప్రోటియాసోమ్‌కే అప్పజెబుతుంది, అంటే ముక్కలు కోసే యంత్రంతోనే ముక్కలు చూపే అణువును కోయిస్తుంది. అడినోవైరస్‌కు వేరే ప్రోటీన్, హెచ్‌ఐవికి నెఫ్ అనే ప్రోటీన్. పని మాత్రం ఒకటే.

హెచ్‌ఎల్‌ఏ లేకుండా చేస్తే వైరస్ గెలిచినట్టేగా అనిపించవచ్చు. కానీ స్వీడన్‌కు చెందిన క్లాస్ కారే 1980లలో చూపించినట్టు, ఎన్‌కే కణాలనే ఇంకో జాతి కణాలు సరిగ్గా ఆ లోటునే వెతుకుతాయి. ఉండాల్సిన హెచ్‌ఎల్‌ఏ కనిపించని కణాన్ని అవి చంపేస్తాయి. దానికీ సైటోమెగాలోవైరస్ దగ్గర మందు ఉంది: హెచ్‌ఎల్‌ఏ పోలికలో ఉండే నకిలీ అణువు ఒకటి, ఎన్‌కే కణాలను శాంతపరిచే హెచ్‌ఎల్‌ఏ-ఈ గాడిలో సరిగ్గా ఇమిడే తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒకటి. అందుకే పెద్దవాళ్లలో ఎక్కువమంది ఒంట్లో ఈ వైరస్ జీవితాంతం కిక్కురుమనకుండా పడి ఉంటుంది.

మరి మనుషుల మధ్య తేడా ఎక్కడినుంచి వస్తుంది? ఏ, బీ, సీ అని మూడు ప్రధాన హెచ్‌ఎల్‌ఏ జన్యువులు. అమ్మ నుంచి మూడు, నాన్న నుంచి మూడు, అంటే గరిష్ఠంగా ఆరు రకాల గాళ్లు. లోకంలో ఇప్పటిదాకా నమోదైన రకాలు మాత్రం 20,000 పైచిలుకు. గాడి గుంటల్లో అమైనో ఆమ్లం ఒకటి మారినా పట్టుకునే ముక్కలు మారిపోతాయి. ఒక ఊళ్లో అందరికీ ఒకే రకం ఉంటే, ఆ గాడికి చిక్కని వైరస్ ఒక్కటి చాలు ఊరు ఖాళీ చేయడానికి. మూలుగ దాత దొరక్క కుటుంబాలు పడే యాతనకూ, జాతి మొత్తంగా మనం వైరస్‌ల నుంచి బతికి బట్టకట్టడానికీ కారణం ఈ వైవిధ్యమే.

హెచ్‌ఐవిలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. మందులు లేకుండానే ఏళ్ల తరబడి వైరస్‌ను అదుపులో ఉంచుకునేవాళ్లలో హెచ్‌ఎల్‌ఏ-బీ57, బీ27 రకాలవాళ్లు ఎక్కువ. బీ27 గాడి హెచ్‌ఐవి లోపలి గుల్ల ప్రోటీన్‌లోంచి పది అమైనో ఆమ్లాల ముక్కను పట్టి చూపిస్తుంది. తప్పించుకోవాలంటే వైరస్ ఆ ముక్కలో ఒక ఆర్జినిన్‌ను మార్చుకోవాలి. మార్చుకుంటే గుల్ల కట్టుబడే దెబ్బతింటుంది. దాన్ని సరిచేసుకోవడానికి ఇంకోచోట ఇంకో మార్పు కావాలి. అన్నీ కుదిరేసరికి ఏళ్లు పడుతుంది. ఇంత మేలు చేసే బీ57కు ఇంకో మొహం కూడా ఉంది. అందులో ఒక రకం ఉన్నవాళ్లకు అబకవిర్ అనే హెచ్‌ఐవి మందు ఇస్తే, మందు అణువే గాడి అడుగున కూర్చుని అక్కడ పట్టే సొంత ముక్కల తీరును మార్చేస్తుంది. టి-కణాలు వాటిని పరాయివనుకుని మీదపడితే జ్వరం, దద్దుర్లు, ఒక్కోసారి ప్రాణాపాయం. చాలా దేశాల్లో ఈ మందు రాసేముందు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించేది అందుకే.

టి-కణాల దాడికి మనమూ మూల్యం చెల్లిస్తాం. హెపటైటిస్-బి వైరస్ కాలేయ కణాలను నేరుగా పెద్దగా చంపదు. కళ్లు పచ్చబడే కామెర్లు చాలావరకు టి-కణాలు తమ పని చేస్తున్నందుకు వచ్చేవే. కాన్‌బెర్రా ఎలుకల్లో జరిగిందీ ఇలాంటిదే.

ఇక ఒమిక్రాన్. కణాన్ని పట్టుకునే కొక్కెమైన దాని స్పైక్ ప్రోటీన్‌లో 30కి పైగా మార్పులున్నాయి. వాటిలో చాలా వరకు యాంటీబాడీలు పట్టుకునే చోట్లే ఉన్నాయి. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టీకా వేయించుకున్నవాళ్ల, కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ల రక్తాన్ని పరీక్షించి 2022లో చెప్పిందేమిటంటే, స్పైక్ మీద టి-కణాల స్పందనలో 70–80 శాతం నిలిచే ఉంది. ప్రోటీన్ ముడతలు విప్పి కోసిన ముక్కల్లో ఎక్కువభాగం మారనివే మరి. 2003లో సార్స్ సోకి బతికినవాళ్లలో న్యూక్లియోప్రోటీన్‌ను గుర్తుపట్టే టి-కణాలు 17 ఏళ్ల తర్వాత కూడా ఉన్నాయని సింగపూర్‌లో తేలింది. మనవాళ్లు వేయించుకున్న టీకాలను ఈ కళ్లతో చూస్తే తేడా అర్థమవుతుంది. కోవిషీల్డ్ మన కణాలచేతే స్పైక్ తయారుచేయిస్తుంది, కాబట్టి ప్రోటియాసోమ్ దారి నేరుగా తెరుచుకుంటుంది; కాకపోతే చూపేది స్పైక్ ఒక్కటే. హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్‌లో చంపిన పూర్తి వైరస్ ఉంటుంది, న్యూక్లియోప్రోటీన్‌తో సహా. చచ్చిన వైరస్ కణంలో ప్రోటీన్లు చేయించలేదు గనక అది ఎక్కువగా రెండో దారినే, సహాయక టి-కణాల వైపే నడుస్తుంది.

ఎం1, న్యూక్లియోప్రోటీన్ ఏటేటా పెద్దగా మారవు కదా, వాటి ముక్కల్ని టి-కణాలకు ముందే నేర్పితే ప్రతి ఏడూ ఫ్లూ టీకా మార్చే బాధ తప్పదా? ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన అలాంటి టీకాను 2019లో ఆస్ట్రేలియాలో మామూలు ఫ్లూ టీకాతో కలిపి పెద్దవాళ్లకు ఇచ్చి చూశారు. ఫ్లూ సోకడం తగ్గలేదు. కణం సోకి, ముక్కలు చూపించాకే టి-కణం రంగంలోకి దిగుతుంది. సోకకుండా ఆపడం దాని చేతిలో లేదు. పైగా చేతికి వేసిన సూదితో పెరిగిన టి-కణాలు ఎక్కువగా రక్తంలోనే తిరుగుతుంటాయి. అవి ఊపిరితిత్తులకు చేరేలోపు వైరస్ కొన్ని తరాలు దాటిపోతుంది. అందుకే కొన్ని ల్యాబులు ఇప్పుడు ముక్కులోకి చల్లే టీకాల వైపు మళ్లాయి, టి-కణాలు ఊపిరితిత్తుల గొట్టాల గోడల్లోనే కాపురం పెట్టేలా చేయగలమా అని చూస్తున్నాయి.